పురుష-19 గారి వంశాభివృద్ధి

జమీందారు మంగళవారం పొద్దున్నే చచ్చిపోయాడు. ఆఫీసు ఒప్పుకోలేదు.

జమీందారంటే ఏ దివాణంలోనో ఉన్న మనిషి అనుకునేరు. కాదు. కోటిపాయ జంతు ప్రదర్శనశాలలో మగ బావురుపిల్లి. ఊరపిల్లికి రెండింతలుంటుంది, ఒంటినిండా నల్ల చుక్కలు, ఏటి పాయల్లోకి దూకి చేపలు పట్టుకు తింటుంది. మడ అడవులు కొట్టి రొయ్యల చెరువులు తవ్వాక వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అంటే అరుదైన జంతువైపోయింది. అరుదైన జంతువు కనక దాని కోసం ఒక మండలి, ఆ మండలికి రాజధానిలో ఒక భవనం, ఆ భవనానికి ఒక లిఫ్టు వచ్చాయి. పిల్లికి మాత్రం ఏమీ రాలేదు.

జమీందారు పోయిన కబురు పట్టుకుని ఓలేటి తాతబ్బాయి ఆఫీసుకెళ్ళాడు. తాతబ్బాయి ఇరవై రెండేళ్ళుగా ఆ జూలో కాపరి. పడవ మీద పుట్టి పెరిగినవాడు, చేప వాసన రాని చొక్కా ఒక్కటి కూడా లేనివాడు. అందుకే బావురుపిల్లులకి ఆయనంటే ప్రాణం.

"చచ్చిపోయాడండి," అన్నాడు తాతబ్బాయి.

క్యూరేటరు భుజంగరాజు గారు కాఫీ గ్లాసు దింపకుండానే అడిగాడు. "ఎవరూ?"

"జమీందారండి. పందొమ్మిదో నంబరండి. పాపం ముసిలాడైపోయాడు కదండీ, నిద్దట్లోనే పోయేడు."

"డాక్టరు సంతకం ఏదీ?"

"డాక్టరెక్కడున్నారండీ? ఆ పోస్టు ఖాళీ అయ్యి మూడేళ్ళు కావొస్తుంది కదండీ."

"మరి సంతకం లేకుండా ఎలా చచ్చాడయ్యా?"

"ఆ రూలు ఆడికి తెలీదండి పాపం."

రాజుగారికి కోపం వచ్చింది కానీ తప్పు ఆయనది కాదు. ఆ జూలో ఏ జంతువు చచ్చినా మరణ పత్రం మీద పశువైద్యాధికారి సంతకం ఉండి తీరాలి. అది లేకపోతే జంతువు చిట్టాలో బతికే ఉంటుంది. డాక్టరు రిటైరైన నాటి నుంచి కోటిపాయలో రెండు దుప్పులు, ఒక కొండచిలువ, ఒక గూడబాతు చచ్చిపోయాయి. చిట్టాలో నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. దేశంలో మరణాలే లేని ఏకైక జూ ఇదేనని మండలి మెచ్చుకోలు పత్రం పంపితే, దాన్ని పటం కట్టించి రాజుగారి నెత్తిమీద గోడకి తగిలించారు.

"సంతకం వచ్చేదాకా బతికే ఉన్నాడు. నువ్వు పుకార్లు పుట్టించకు," అన్నాడు రాజుగారు.

తాతబ్బాయి వెళ్ళి, బతికే ఉన్న జమీందారుని పెరట్లో బాదంచెట్టు కింద గొయ్యి తీసి పాతిపెట్టాడు. పైన గుర్తుకి ఒక ఇటుక పెట్టాడు. ఆ వరసలో అది అయిదో ఇటుక.

*

ఇక మండలి సంగతి చెప్పాలి.

దాని పూర్తి పేరు జాతీయ అరుదైన మార్జాల సంతాన సమన్వయ మండలి. దాని దగ్గర వంశావళి గ్రంథం అని ఒకటుంది. దేశంలో ఏ జూలో ఏ బావురుపిల్లి ఉన్నా అందులో దానికో నంబరు, తండ్రి నంబరు, తల్లి నంబరు, తాత నంబరు ఉంటాయి. అవన్నీ కంప్యూటరులో వేసి, ఏ పిల్లి ఏ పిల్లితో జతకట్టాలో మండలి తేలుస్తుంది. దగ్గర రక్తం కలిస్తే పిల్లలు అవిటివి పుడతాయి, జాతి నీరసపడుతుంది, అందుకని ఈ ఏర్పాటు. మాట మంచిదే. మంచి మాటని ఆఫీసులో పెట్టి తాళం వేస్తే ఏమవుతుందో అదే అయింది.

కోటిపాయలో జమీందారు కాక ఇంకో రెండు బావురుపిల్లులున్నాయి. ఒకటి ఆడది, పేరు కాటుక. గ్రంథంలో స్త్రీ-47. అది పుట్టిన వారానికే వరదలో తల్లి కొట్టుకుపోతే తాతబ్బాయి గుడ్డపీలికతో పాలు పట్టి పెంచాడు. ఇప్పటికీ ఆయన చేతి చేపే తింటుంది. ఆయనకి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే నాలుగు రోజులూ పస్తులుంది.

రెండోది మగది, సూరీడు. రొయ్యల చెరువు వలలో కాలు ఇరుక్కుని గిలగిల్లాడుతుంటే తాతబ్బాయే గోనెసంచిలో వేసి తెచ్చాడు. కాలు అతికింది గాని కుంటు మిగిలింది, అడవికి పంపడానికి లేదు. దానికి గ్రంథంలో తండ్రి దగ్గర "తెలియదు", తల్లి దగ్గర "తెలియదు", తాత దగ్గర "తెలియదు" అని రాసి, చివరికి ఎర్ర సిరాతో "వంశం తెలియనందున జతకు అనర్హుడు" అని రాశారు. సూరీడికీ కాటుకకీ మధ్య ఇనప జాలీ. జాలీకి అటు అది, ఇటు ఇది, రోజంతా ముక్కూ ముక్కూ ఆనించుకుని కూర్చునేవి.

"అయ్యా, నాకు తెలీక అడుగుతానండి," అన్నాడోరోజు తాతబ్బాయి. "అడివిలోంచి వొచ్చినోడు ఈ జూల్లో ఉన్నోళ్ళకి ఎవరికీ చుట్టం కాడు కదండీ. దగ్గర రక్తం వొద్దన్నప్పుడు ఆడికంటే మంచి సమ్మందం ఎక్కడ దొరుకుద్దండీ?"

"వంశం తెలియనివాడికి పిల్లనెలా ఇస్తారయ్యా?" అన్నాడు రాజుగారు.

ఈ మాట తాతబ్బాయి అంతకుముందు కూడా విన్నాడు. పిల్లుల గురించి కాదు.

ఆ నెలలోనే మండలి నుంచి ఉత్తరం వచ్చింది. రాజుగారు దాన్ని నిలబడి చదివాడు. "మీ ప్రాంగణమందే సర్వోత్కృష్ట జన్యు విలువ గల పురుష-19 విరాజిల్లుతుండగా, స్త్రీ-47 నేటివరకు సంతానహీనగా ఉండుట మండలి దృష్టికి వచ్చినది. కావున ఆరు మాసముల లోపున పురుష-19 వలన స్త్రీ-47 కు సంతానము కలుగజేయవలెను. కలుగని యెడల స్త్రీ-47 ఉత్తరాది శీతల ప్రాంత జంతు ప్రదర్శనశాలకు శాశ్వతముగా బదిలీ చేయబడును."

"అమ్మో! ఆ చలిదేశం పోతే అది బతకదండి. పరాయోళ్ళ చేతి మేత ముట్టదండి."

"అందుకే సంతానం కలుగజెయ్యమంటున్నారు."

"ఎవరితోనండీ? బాదంచెట్టు కిందున్నోడితోనా?"

రాజుగారు చెవులు మూసుకున్నాడు. రాజుగారికి రిటైర్‌మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. ఆ పద్నాలుగు నెలలూ ఏమీ వినకుండా గడపాలన్నదే ఆయన జీవితాశయం.

ఆ వచ్చిన సోమవారం జూకి సెలవు. జనం లేరు, రాజుగారు లేడు. తాతబ్బాయి కొబ్బరినూనె సీసా పట్టుకుని జాలీ తలుపు దగ్గరికెళ్ళాడు. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెండు చుక్కలు పోసి, వేలితో రాసి, కాసేపు ఆగి లాగితే చప్పుడు లేకుండా వచ్చింది.

"ఒరే సూరీడూ, వంశం గింశం తర్వాత చూసుకుందాం. రా."

సూరీడు కుంటుకుంటూ ఆ తలుపు దాటాడు. రెండు నెలల మీద పది రోజులకి కాటుక జమ్ముగడ్డిలో ముగ్గురు పిల్లల్ని పెట్టింది.

*

జనన పత్రం రాజుగారి బల్ల మీద ఉంది. ఒక గడి ఖాళీగా ఉంది.

"తండ్రి?" అన్నాడు రాజుగారు.

"సూరీడండి."

"ఆ పేరెత్తకు! అనర్హుడికి పుట్టిన పిల్లల్ని గ్రంథంలో ఎక్కించరు. గ్రంథంలో లేకపోతే వాటికి నంబరుండదు. నంబరు లేకపోతే అవి లేనట్టే. లేనివాటికి మేత ఎలా ఇస్తారు? రేపొకడొచ్చి ఈ లేని పిల్లులు ఎక్కడివని అడిగితే నేనేం చెప్పను?"

తాతబ్బాయి కిటికీలోంచి చూశాడు. లేని పిల్లులు మూడూ తల్లి తోక కోసం కొట్టుకుంటున్నాయి.

"మండలి ఉత్తర్వు ప్రకారం తండ్రి పురుష-19 కావాలి," అన్నాడు రాజుగారు తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఆడు చచ్చిపోయేడండి."

"ఎవరు చెప్పారు? సంతకముందా?"

తాతబ్బాయి లెక్క కట్టుకున్నాడు. సంతకం లేదు. సంతకం లేనివాడు బతికున్నాడు. బతికున్నవాడు తండ్రి కావడానికి అభ్యంతరమేమిటి? ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి ఆఫీసు లెక్క ఆయనకి నచ్చింది.

"రాసేయండి," అన్నాడు.

*

ఈ శుభవార్త అందిన పదో రోజున మండలి జాతీయ సమన్వయకర్త డాక్టర్ కులభూషణ్ గారు స్వయంగా విచ్చేశారు. మెడలో బైనాక్యులర్లు, చంకలో వంశావళి గ్రంథం. జీవితంలో పిల్లిని పెంచి ఎరగరు గాని పిల్లుల తాతముత్తాతల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

"పద్నాలుగేళ్ళ వయసులో పితృత్వం!" అన్నారాయన. "ఇది కేవలం ఒక పిల్లి విజయం కాదు. ఇది ప్రణాళికా విజయం. ఆ మహనీయుణ్ణి ఒక్కసారి దర్శించాలి."

రాజుగారి మొహం పాలిపోయింది. తాతబ్బాయే ముందు నడిచాడు. జమీందారు ఆవరణలో నిలువెత్తు జమ్ము, మధ్యలో చిన్న మడుగు. గాలికి జమ్ము ఊగుతోంది.

"జమ్ములో ఉన్నాడండి," అన్నాడు తాతబ్బాయి. "మొదట్నించీ సిగ్గరండి. ఈ మధ్య అసలే బయటికి రావట్లేదండి."

"స్వాభావికం. పరిపక్వ పురుష లక్షణం," అని కులభూషణ్ గారు బైనాక్యులర్లు కళ్ళకి పెట్టుకున్నారు. అయిదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. ఇంత దూరం వచ్చి చూడలేదని వెళ్తే ఆయన హోదా ఏం కాను? పన్నెండో నిమిషంలో ఆయన చెయ్యి పైకి లేచింది.

"అదిగో కర్ణాగ్రం!"

"ఎక్కడండీ?" అన్నాడు తాతబ్బాయి నిజంగానే ఆదుర్దాపడి.

"ఆ మూడో గుబురు పక్కన. కదిలింది చూశారా? రాజుగారూ, మీరు చూశారా?"

"చూశాను సార్. కర్ణాగ్రమే," అన్నాడు రాజుగారు.

కులభూషణ్ గారు అక్కడే నిలబడి గ్రంథంలో రాశారు. "పురుష-19 ను ప్రత్యక్షముగా పరిశీలించడమైనది. ఆరోగ్యము అత్యుత్తమము. కర్ణములు చురుకుగా ఉన్నవి."

పక్క ఆవరణ దగ్గర ఆయన ఆగారు. తనిఖీ కనక జాలీ తలుపు వేసే ఉంది. అయినా పిల్లలు మూడూ జాలీ కన్నాల్లోంచి దూరి, సూరీడి వీపు మీదెక్కి, చెవి పట్టుకు పీకుతున్నాయి. సూరీడు కళ్ళు మూసుకుని పడున్నాడు.

"ఈ శిశువులు పరపురుషుడి దగ్గరికెందుకు పోతున్నాయి?"

"చనువండి," అన్నాడు తాతబ్బాయి.

"అవాంఛనీయం," అన్నారు కులభూషణ్ గారు, కానీ రాయలేదు. ఆ మాటకి గ్రంథంలో గడి లేదు.

*

ఆ పైన జరిగిందే అసలు కథ.

అంత గొప్ప వీర్యవంతుణ్ణి ఒక్క జూలో మగ్గబెట్టడం జాతిద్రోహమని మండలి తీర్మానించింది. పురుష-19 ను సంతాన సహకార యాత్ర మీద జూ జూకీ పదిహేనేసి రోజులు పంపాలన్నారు. మొదటి మజిలీ రాళ్ళగుట్ట జూ. చెక్కపెట్టె, దానికి గాలి కన్నాలు, లారీ, తోడుగా కాపరి ఓలేటి తాతబ్బాయి అని ఉత్తర్వు.

"ఏం చెయ్యమంటారండి?"

రాజుగారు ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతారు. పెట్టె పంపెయ్. పెట్టె చేరితే జంతువు చేరినట్టే."

లారీ డ్రైవరు పెట్టె ఎత్తి, "మరీ ఇంత తేలిగ్గా ఉందేంటి గురూ?" అన్నాడు.

"ముసిలాడు కదా, కండ కరిగిపోయింది. నువ్వు గతుకుల్లో మెల్లగా పోనియ్యి," అన్నాడు తాతబ్బాయి.

రాళ్ళగుట్టలో పెట్టె దింపుకోవడానికి ఒక పత్రం ఉంది. పెట్టె స్థితి: బాగున్నది. తాళము: ఉన్నది. ప్రయాణంలో జంతువు అరిచిందా: లేదు. కరిచిందా: లేదు. వాంతి చేసుకున్నదా: లేదు. అక్కడి క్యూరేటరు గబగబా సంతకం పెట్టి, "చానా మంచి జంతువయ్యా," అని వెళ్ళిపోయాడు. పెట్టెలో జంతువు ఉన్నదా అనే గడి ఆ పత్రంలో లేదు.

అక్కడి కాపరి ఎల్లయ్య తలుపు తీశాడు. వంగి లోపలికి చూశాడు. పెట్టె వెనక్కి పోయి చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి చూశాడు.

"ఏందన్నా ఇది? పెట్టెల గడ్డి తప్పితే ఏం లేదు!"

"లేదు తమ్ముడూ."

"మరి పిల్లి యాడ వోయింది?"

తాతబ్బాయి ఒక బీడీ ఆయనకిచ్చి, ఒకటి తను ముట్టించుకుని, బాదంచెట్టు దగ్గర్నుంచి కర్ణాగ్రం దాకా చెప్పాడు. ఎల్లయ్య నవ్వీ నవ్వీ పొర పోయి దగ్గాడు. తర్వాత నవ్వు ఆపి ఆవరణ కేసి చూపించాడు.

"మా తాన గూడ గదే కతన్నా. జాలికి గీ దిక్కు ఆడది, గా దిక్కు మగది. మూడేండ్ల సంది ఒకదాని మొకం ఒకటి జూసుకుంట కూసున్నయ్. అడివికెల్లి వట్టుకొచ్చిన మగదని సార్లు జతగట్టనిస్తలేరు. ఆడదేమో తిండి గూడ సగం బందు వెట్టింది."

"గడియ తుప్పు పట్టిందా?"

"పట్టకుంట ఉంటదా?"

తాతబ్బాయి సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీశాడు.

రెండున్నర నెలలకి రాళ్ళగుట్టలో నాలుగు పిల్లలు పుట్టాయి. తండ్రి, పురుష-19. మండలి పరవశించింది. పెట్టె ఇంకో జూకి వెళ్ళింది, ఆపైన ఇంకో జూకి. ప్రతిచోటా ఒక జాలీ, జాలీకి అటొకటి ఇటొకటి, తుప్పు పట్టిన గడియ. ప్రతిచోటా పెట్టె లోపలికి ఒక కాపరి తొంగి చూసి నవ్వడం. ఎనిమిది నెలల్లో అయిదు జూల్లో ఇరవై మూడు పిల్లలు పుట్టాయి. అంతకుముందు పదేళ్ళలో మండలి చేయించింది నాలుగు. ఏం చెయ్యాలో పిల్లులకి మొదట్నించీ తెలుసు. అధికారుల చూపు ఖాళీ పెట్టె మీద ఉన్నన్నాళ్ళూ అవి తమ పని చేసుకున్నాయి.

రాజధానిలో సభ పెట్టి పురుష-19 కి వంశరత్న బిరుదిచ్చారు. పురుష-19 ప్రయాణ బడలిక వల్ల రాలేకపోయాడు. ఆయన తరఫున భుజంగరాజు గారు మెడ వంచి దండ వేయించుకున్నాడు.

*

దండ పూలు వాడకముందే పిడుగు పడింది.

మండలిలో ఎవరో ఇరవై మూడు పిల్లల లెక్కా కంప్యూటరులో వేశారు. అది పెద్దగా చప్పుడు చేసి ఎర్రగా వెలిగిందట. ఆ వారం వచ్చిన ఉత్తరాన్ని రాజుగారు కూర్చునే చదివాడు, నిలబడే ఓపిక లేక.

"పురుష-19 యొక్క విచ్చలవిడి పితృత్వము వలన దేశములోని యావత్తు బావురుపిల్లి శిశుసంతతి పరస్పరము సోదరసోదరీ సంబంధము కలిగినట్లు తేలినది. ఇది జన్యు ఏకచ్ఛత్రాధిపత్యము. కావున ముప్పది దినములలో పురుష-19 కు సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిపించవలెను. అతని సాహచర్యము పొందిన ఆడ జంతువులన్నిటిని వేర్వేరు జూలకు తరలించవలెను. స్త్రీ-47 ను తక్షణమే శీతల ప్రాంతమునకు, ఆమె మూడు పిల్లలను మూడు దిక్కులకు పంపవలెను."

 దేనికోసం తాతబ్బాయి ఇంత నాటకమాడాడో అదే తిరిగి తిరిగి గుమ్మంలోకొచ్చింది. ఆ రోజు కాటుకకి చేప అందించాడు. అది చేప తీసుకోకుండా ముందు ఆయన వేళ్ళు నాకింది.

ఆ ఉత్తరంలో ఇంకో ముక్క కూడా ఉంది. శస్త్రచికిత్సకి వైద్యాధికారి కావాలి కనక పోస్టు మంజూరు చేశారు. బతికున్న జంతువుల కోసం నాలుగేళ్ళలో రాని డాక్టరు, చచ్చిన జంతువు కోసం తొమ్మిది రోజుల్లో వచ్చింది.

డాక్టరు ఎస్తేరు. ముప్పై ఏళ్ళుంటాయి. రబ్బరు బూట్లు తొడుక్కునే జీపు దిగింది.

"రోగి ఎక్కడండీ?"

"జమ్ములో," అన్నాడు రాజుగారు.

ఆమె జమ్ములోకి దిగిపోయింది. అంతకుముందు ఏ అధికారీ ఆ పని చెయ్యలేదు. ముప్పావుగంట తర్వాత మోకాళ్ళ దాకా బురదతో బయటికొచ్చింది.

"రాజుగారూ, లోపల పిల్లి లేదు. పిల్లి పెంట కూడా లేదు."

"ఉందమ్మా. సాక్షాత్తూ సమన్వయకర్త గారు చూశారు. నీకు అనుభవం చాలదు," అని రాజుగారు మీటింగు ఉందని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఏ మీటింగూ లేదు.

"నాతో రండమ్మా," అన్నాడు తాతబ్బాయి.

బాదంచెట్టు కింద ఇటుకల వరస ఇప్పుడు తొమ్మిదయింది. తాతబ్బాయి అయిదో ఇటుక చూపించి ఉన్నదంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు. చేతులు కట్టుకుని విన్నది.

"తవ్వండి. నేను చూడాలి," అంది.

తవ్వాడు. దవడ ఎముకా, కోరలూ బయటపడ్డాయి. ఆమె చేత్తో పట్టుకుని తిప్పి చూసి, మళ్ళీ మెల్లగా లోపల పెట్టింది.

"తాతబ్బాయి గారూ, నేను అబద్ధం రాయను."

"రాయొద్దమ్మా. కానీ నిజం రాస్తే ఏమవుద్దో కూడా చూడండి. ఈడు ఎప్పుడో పోయేడని రాసేరనుకోండి, ఇరవై మూడు పిల్లలకీ తండ్రి లేకుండా పోతాడు. వంశం తెలియదని ఎర్ర సిరా పెట్టేస్తారు. జన్మంతా జాలీ వెనకాలే. పోనీ బతికే ఉన్నాడంటే, ఆపరేషనంటారు, అందరూ అన్నాచెల్లెళ్ళంటారు, తల్లుల్నీ పిల్లల్నీ విడదీసేస్తారు. ఎటు తిప్పినా నా కాటుక లారీ ఎక్కుద్ది. ఎక్కితే ఒక్క వారం బతకదమ్మా."

"అసలు తండ్రుల్లో వంశం తెలిసినవాడు ఒక్కడూ లేడా?"

"అందరూ అడివోళ్ళేనమ్మా. వంశం తెలిసినోళ్ళందరూ ముసిలోళ్ళయి చచ్చిపోయేరు."

ఆమె చటుక్కున తలెత్తింది. "ఎక్కడ చచ్చిపోయారు?"

"ఆయా జూల్లోనేనమ్మా."

"ఆ జూల్లో డాక్టర్లున్నారా?"

 తాతబ్బాయి ఫోను తీసి ఎల్లయ్యకి చేశాడు.

"తమ్ముడూ, మీ దగ్గర సంతకం లేకుండా చచ్చిపోయిన మగోడు ఎవడైనా ఉన్నాడా?"

"ఇద్దరున్నరే అన్నా! ముప్పయ్యొకటి, ముప్పయ్యారు. యాపచెట్టు కింద వన్నరు. కాయితాల మీదైతే మస్తుగ తింటున్నరు."

"ఆళ్ళ వంశం?"

"బంగారమన్నా. ఏడు తరాలు రాసుంది."

పని వారం పట్టింది. మండలి దగ్గర పితృత్వ సవరణ పత్రం అని ఒకటి ఎప్పట్నుంచో ఉంది, ఎవరూ వాడలేదు. రాళ్ళగుట్ట వాళ్ళు తమ పిల్లల తండ్రి నిజానికి తమ పురుష-31 అని దాని మీద సవరించుకున్నారు. మిగతా జూల కాపరులు కూడా ఎవరి చెట్టు కింద వాళ్ళు వెతుక్కుని, ఎవరి క్యూరేటరు చేత వాళ్ళు సంతకం పెట్టించుకున్నారు. ఏ పత్రం మీదా డాక్టరు సంతకం అక్కర్లేదు. డాక్టరు సంతకం చావుకే గాని పుట్టుకకి కావాలని రూలు లేదు.

ఎస్తేరు రెండు కాగితాలు మాత్రం రాసింది. రెండిట్లోనూ ఒక్క అబద్ధం లేదు. ఒకటి కాటుక గురించి. "ఈ జంతువు తనను పెంచిన కాపరి చేతి మేత తప్ప ముట్టదు. తరలించిన యెడల మరణించును. ఆ మరణమును ఈ జూ లెక్కలోనే ధ్రువీకరించుటకు నేను సిద్ధముగా ఉన్నాను." ఆ చివరి వాక్యం చదివి రాజుగారికి చెమటలు పట్టాయి. నాలుగేళ్ళుగా చావులేని జూ అన్న పటం గోడ దిగడం ఆయన కళ్ళముందు కనిపించింది. రిటైర్‌మెంటు ఇంకా రెండు వారాలుంది. ఆయనే స్వయంగా తపాలాఫీసుకెళ్ళి ఆ కాగితాన్ని పంపాడు.

రెండోది శస్త్రచికిత్స నివేదిక. "పురుష-19 ను నేను స్వహస్తములతో పరీక్షించితిని. ఇకమీదట ఇతనికి సంతానము కలుగు అవకాశము ఎంతమాత్రమూ లేదు. రోగి కదలక, నొప్పి లేక, ప్రశాంతముగా పడుకొని యున్నాడు. కుట్లు విప్పవలసిన అవసరము రాదు."

మండలి ఆ నివేదికని అన్ని జూలకీ ఆదర్శంగా పంచిపెట్టింది.

*

కంప్యూటరు మళ్ళీ లెక్క కట్టి ఈసారి పచ్చగా వెలిగింది. ఇంత జన్యు వైవిధ్యం దేశచరిత్రలో ఎరగమని కులభూషణ్ గారు ప్రకటించారు. తరలింపులన్నీ రద్దయ్యాయి. కాటుకని కదపనక్కర్లేదు, వరుణ్ణే ఆమె దగ్గరికి పంపుతామన్నారు. వరుడు రాళ్ళగుట్ట పురుష-31. ఏడు తరాల వంశం. నెమ్మదస్తుడు, ప్రయాణం పడుతుంది అని ఎల్లయ్య రాశాడట.

వరుడు శుక్రవారం మధ్యాహ్నం దిగాడు. ఈ సమన్వయ మహోత్సవం చూడ్డానికి కులభూషణ్ గారు కూడా వచ్చారు. ఎల్లయ్య, తాతబ్బాయి పెట్టెకి చెరోవైపు పట్టి, ఆయన చూస్తున్నారని బరువు నటిస్తూ దింపారు.

"మెల్లగనన్నా, మెల్లగ! కొత్త పెండ్లికొడుకు," అన్నాడు ఎల్లయ్య.

"ఎంత గాంభీర్యం!" అన్నారు కులభూషణ్ గారు. "ఒక్క శబ్దం లేదు. వంశం అంటే అది."

ఆయన సూరీడి ఆవరణ ముందు ఆగి గ్రంథంలో ఆఖరి పేజీ తిప్పారు. "వీడింకా ఇక్కడే ఉన్నాడా? వంశం తెలియదు, సంతానం శూన్యం, స్థలం వృథా," అని పైకి చదువుతూ రాసుకున్నారు. తల్లి అంత ఎత్తు ఎదిగిన మూడు పిల్లలు జాలీకి మొహాలు ఆనించి సూరీడి కేసి చూస్తున్నాయి. ముగ్గురికీ కుడికంటి మీద సూరీడికున్నట్టే తెల్ల మచ్చ. ఆయన గ్రంథం కేసే చూస్తున్నారు.

ఎస్తేరు తన పెట్టె పట్టుకుని ఆఫీసులోంచి వచ్చింది. పొద్దున్నే ఆమెకీ ఒక ఉత్తర్వు అందింది. శస్త్రచికిత్స జయప్రదంగా ముగిసినందునా, నాలుగేళ్ళుగా ఒక్క మరణమూ నమోదు కాని జూకి వైద్యాధికారి అనవసరం అయినందునా పోస్టు రద్దు. ఉన్న నెల రోజుల్లో ఆమె జూలో బతికున్న ప్రతి జంతువుకీ తనే దగ్గరుండి సూదులు వేసింది. మరణ పత్రాలు కూడా తొమ్మిది రాసి పెట్టింది. వాటి మీద పై అధికారి సంతకం కూడా కావాలట. రాజుగారు వాటిని సొరుగులో పెట్టి మూశాడు, ఆయన రిటైరయ్యేదాకా ఆ సొరుగు తాళం దొరకలేదు. ఇప్పుడాయన లేడు, తాళమూ లేదు.

"సూరీడి పాత కాలికి వర్షాల్లో వాపు వస్తుంది. వేణ్ణీళ్ళ కాపడం పెట్టండి. నాకు ఫోన్ చెయ్యండి," అంది.

"అలాగేనమ్మా."

ఖాళీ పెట్టె దిగిన లారీలోనే డాక్టరు ఎక్కింది. డ్రైవరు పక్కన కులభూషణ్ గారు కూర్చుని, రాళ్ళగుట్ట దాకా ఆమెకి వంశశుద్ధి గురించి చెప్పడం మొదలెట్టారు.

లారీ గేటు దాటాక తాతబ్బాయి కొబ్బరినూనె సీసా తీశాడు. గడియకి రెండు చుక్కలు పోశాడు. తలుపు తీశాడు. కాటుక ముందు పంజా లేపి మడుగులో నీళ్ళ మీద ఒక్క చరుపు చరిచింది. సూరీడు కుంటుకుంటూ వచ్చి, తలుపు మధ్యలో ఆగి, ఆయన కాలికి ఒళ్ళు రాసుకున్నాడు.

తాతబ్బాయి వంగి దాని చెవి వెనక గోకాడు.

"ఒరే సూరీడూ, డాక్టరమ్మ ఎల్లిపోయింది. ఇంక జాగ్రత్తగా ఉండాలిరా. నువ్వు చావడానికి వీల్లేదు. రూలు ఒప్పుకోదు."